దొంగ నొప్పి

"చెయ్యెత్తు" అంది ఆయమ్మ.

ఆరో తరగతి పిల్ల చెయ్యెత్తలేదు. నోట్లో థర్మామీటరు ఉంది కాబట్టి సమాధానం చెప్పే పని కూడా లేకపోయింది. ఆయమ్మ థర్మామీటరు తీసి, కిటికీ వెలుగుకేసి తిప్పి చూసి, దులిపి, మందునీళ్ళ గ్లాసులో వేసింది. తర్వాత తనే వంగి, ఆ పిల్ల చంక దగ్గర ఒక్కసారి గాలి పీల్చింది.

"సగం ఉల్లిపాయ ఇక్కడుంది. మిగతా సగం ఏదీ?"

పిల్ల జేబులోంచి తీసి ఇచ్చింది.

"లెక్కల పరీక్షా?"

"అవును ఆయమ్మా. అందరూ ఉల్లిపాయ పెట్టుకుంటే జ్వరం వస్తుందన్నారు."

"ఉల్లిపాయకి జ్వరం వచ్చుంటుంది. పద, క్లాసుకి పో. ఇవాళ రాస్తే ఇవాళ్టితో పోతుంది. రేపు రాయాలంటే రాత్రంతా భయపడాలి."

పిల్ల వెళ్ళిపోయింది. ఆయమ్మ మంచి సగాన్ని కాగితంలో చుట్టి తన చేతిసంచిలో వేసుకుంది. ఉల్లిపాయను పారెయ్యడానికి మనసొప్పలేదు.

ఆ గదిలో రెండు ఇనపమంచాలు, వాటి మధ్య ఒక చెక్క స్టూలు, అద్దం తలుపుల మందుల బీరువా, మూత ఉన్న బకెట్టు. గోడకి ఒక మేకు, మేకుకి ఎర్రటి రబ్బరు సంచి. అందులో వేడినీళ్ళు పోసి బిరడా బిగిస్తే ఏ నొప్పి మీదైనా కాపడం పెట్టవచ్చు. ఆ సంచిని ఆయమ్మ ఎవరి చేతికీ ఇవ్వదు. బిరడా వదులుగా ఉంటే పిల్లల ఒళ్ళు కాలుతుంది. గట్టిగా బిగించే మనిషి ఈ బడి మొత్తంలో తను తప్ప ఇంకొకరు లేరని ఆమెకు గట్టి అనుమానం.

ఆమెకు అనుమానాలకు కొదవలేదు. పాలవాడి మీద, బస్సు బ్రేకుల మీద, కొత్తగా వచ్చిన తెల్లమాత్రల మీద, ఎండగా ఉన్నప్పుడు ఆకాశం మీద. "ఎవరైనా ఆవులిస్తే పేగులు లెక్కపెడుతుంది మా అక్క" అని ఆమె చెల్లెలు ఇరుగుపొరుగుకి చెబుతుంది. కానీ ఉద్యోగం అలాంటిది. బడికి వచ్చే నొప్పుల్లో సగం దొంగవి. ఆమె ఎక్కడ నొప్పి అని అడగదు. ఇంట్లో పిల్లి ఈనిందా, చెప్పు ఎప్పుడు తెగింది, ఇలాంటివేవో అడుగుతూ కాళ్ళు చూస్తుంది. నిజంగా కడుపు నొప్పి ఉన్న పిల్ల మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుంటుంది. దొంగనొప్పి పిల్ల హాయిగా కాళ్ళు చాపుకుని పైకప్పు చూస్తుంది. ఈ గుట్టు ఆమె ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఆయమ్మ నొప్పి ఉందంటే ఉన్నట్టు, లేదంటే లేనట్టు. బడిలో టీచర్లకీ తల్లిదండ్రులకీ అదే ఆఖరి మాట.

పిల్లల పేర్లు ఆమెకు నిలవవు. జబ్బులు నిలుస్తాయి. ఒకడు ముక్కురక్తం, ఒకతె దురదచేతులు, ఒకడు ఊరికే ఏడుపు. ఏ జబ్బూ లేకుండానే ఆమెకు గుర్తుండిపోయిన పిల్ల ఒకతే. తొమ్మిదో తరగతి. ఈ ఏడాది మొదటినుంచీ జడ వంకరగా వేసుకొస్తోంది. పాపిడి ఒక పక్కకి జారి, జడ మెడ దగ్గరే ఒరిగి, చివర రిబ్బను తాడులా బిగిసి ఉంటుంది. తను వేసుకున్నదైతే అంత బిగువుగా ఉండదు. ఎవరో పెద్ద చేతులతో వేస్తున్నారు.

ఆ వంకరజడే ఇప్పుడు గుమ్మంలో నిలబడి ఉంది.

"కడుపులో నొప్పి ఆయమ్మా."

"మొన్న కూడా అన్నావు."

"అదే మళ్ళీ వచ్చింది."

"పడుకో."

పిల్ల పడుకుంది. ఆయమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. కూర్చునేటప్పుడు ఎడమ భుజం నుంచి దవడ దాకా ఏదో లాగినట్టయింది. పొద్దున్న బకెట్టు ఎత్తినప్పటినుంచీ అలాగే ఉంది. చేత్తో ఒకసారి రుద్దుకుని వదిలేసింది.

పిల్ల కాళ్ళు చాపుకునే ఉంది.

"మీ వీధిలో నీళ్ళు వస్తున్నాయా?"

"వస్తున్నాయి. ఆయమ్మా, ఒకటడగనా?"

"అడుగు."

"దొంగనొప్పి అని మీకెలా తెలుస్తుంది?"

ఎందరో పిల్లలు ఆ గదిలో అబద్ధాలాడారు గానీ, అబద్ధాన్ని ఎలా పట్టుకుంటారని అడిగింది మాత్రం ఇదొక్కతే.

"ఎందుకూ?"

"ఊరికే. రాజధానికి వెళ్ళినప్పుడు కూడా మీరే చూస్తారా? నొప్పొస్తే లాడ్జిలోనే వదిలేస్తారా? అందరూ తిరిగొచ్చేదాకా అక్కడే ఉండాలా?"

"లాడ్జి సంగతి నీకెందుకు? నొప్పి ఇక్కడ కదా."

పిల్ల గబగబా కాళ్ళు ముడుచుకుంది. అంటే ఎక్కడో ఏదో విని ఉండాలి, లేదా పక్క మంచం మీద నిజం నొప్పి పిల్లల్ని గమనించి ఉండాలి. వచ్చే వారమే రాజధాని ప్రయాణం. లాడ్జిలో ఒంటరిగా ఉండాలని ఏ ఆడపిల్లకి ఉంటుంది? ఎవడో ఉన్నాడు. క్లాసంతా మ్యూజియంలో ఉన్నప్పుడు వెనక మెట్లెక్కి వచ్చేవాడు ఎవడో ఉన్నాడు.

"లే. నొప్పి తగ్గింది. క్లాసుకి పో" అంది.

*

ఏటా తొమ్మిదో తరగతి వాళ్ళను రాజధానికి తీసుకెళ్ళడం ఆ బడిలో ఆనవాయితీ. ఆయమ్మ కూడా ప్రతి ఏడూ వెళుతుంది. వెళ్ళి ఏం చూసిందని అడిగితే మాత్రం చెప్పడానికి ఏమీ లేదు. ఎవరో ఒకరికి తప్పకుండా వాంతులో, జ్వరమో వస్తుంది. ఆ పిల్లతో ఆమె లాడ్జిలో ఉండిపోతుంది. మిగతావాళ్ళు చట్టసభ భవనం, జంతువుల తోట, మ్యూజియం చూసి సాయంత్రం వస్తారు. "రాజధానికి ఇన్నిసార్లు వెళ్ళొచ్చావు, లాడ్జి పైకప్పు గురించి తప్ప ఒక్క ముక్క చెప్పలేవు" అని చెల్లెలు దెప్పుతుంది. పైకప్పు గురించి మాత్రం ఆమె బాగా చెప్పగలదు. ఫ్యాను చుట్టూ చెమ్మ మరక ఒకటుంది. ఏటేటా పెరుగుతోంది.

ఆమెకు చూడాలని ఉన్నది ఒకే ఒక్కటి. మ్యూజియం నడిమి హాల్లో తిమింగలం అస్థిపంజరం వేలాడదీశారట. పక్కటెముకల కింద క్లాసు క్లాసంతా నిలబడవచ్చట. ప్రతి ఏడూ పిల్లలు వచ్చి చేతులు చాచి చూపిస్తారు, ఇంత, ఇంత అని. ఆయమ్మ ఒక్కసారి కూడా నమ్మలేదు. సున్నంతో చేసి పెట్టి ఉంటారు. అంత ఎముక ఏ ఒంట్లో ఉంటుంది? ఒక్కసారి అరచెయ్యి ఆనిస్తే చాలు, ఎముకో సున్నమో తేలిపోతుంది.

ఈ ఏడాదితో ఉద్యోగం అయిపోతుంది. ఇక ముందు వెళ్ళే పని లేదు.

ఆ రోజు పొద్దున్న బడికి బయల్దేరేటప్పుడు చెల్లెలు కుట్టుమిషను ముందు కూర్చుని రబ్బరు సంచికి కొత్త తొడుగు కుడుతోంది. పాత కర్టెను ముక్క, పచ్చది. అక్కాచెల్లెళ్ళిద్దరికీ పెళ్ళి యోగం లేకపోయింది. ఇల్లు, మిషను, కుండీలో కరివేపాకు మొక్క, ఇద్దరికీ కలిపి ఒక గొడుగు.

"బొత్తాం కుట్టలేదు. సాయంత్రం ఇస్తాను" అంది చెల్లెలు.

"దారం రెండు పేటలు వెయ్యి. ఒంటిపేట నిలవదు."

"ముప్ఫై ఏళ్ళనుంచి ఊళ్ళోవాళ్ళందరికీ బొత్తాలు కుడుతున్నాను. ఎవరి చొక్కా ఊడిపోయింది చెప్పు?"

"వాళ్ళు నీకు చెప్పి ఉండరు."

చెల్లెలు నవ్వింది. "ఈసారైనా ఆ చేపని చూసిరా అక్కా. సున్నమైతే నాకు చెప్పు, ఇద్దరం కలిసి నవ్వుకుందాం."

*

మధ్యాహ్నం మందుల పెట్టె పట్టుకుని స్టాఫ్‌రూమ్‌కి వెళ్ళేసరికి లోపల మాటలు ఆగిపోయాయి. బల్లమీద రాజధాని పటం పరిచి ఉంది. దాని చుట్టూ పెద్ద మేడం, సైన్సు మాస్టారు, ఆటల మేడం. ఆటల మేడం గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకోలేదు గానీ, చేతిలో పెన్నుకి మూత పెట్టి మళ్ళీ తీసింది.

ఆయమ్మకు విషయం అర్థమైంది. ఆటల మేడం చేరి రెండేళ్ళే అయింది. వయసులో ఉంది, ఈల వేస్తే బడి గోడలు అదురుతాయి. రోజూ వచ్చే బడి బస్సులో ముందు సీటు, డ్రైవరు వెనక కిటికీ పక్కది, ఇన్నేళ్ళుగా ఆయమ్మది. ఈమె కన్ను దానిమీద పడింది.

"కూర్చోండి ఆయమ్మా" అన్నారు పెద్ద మేడం. "ఈసారి ఒక మార్పు చేశాం. ఎవరికైనా బాగోకపోతే లాడ్జిలో ఆటల మేడం ఉంటారు. మీరు మాతోపాటు తిరగండి."

"ఎందుకండీ? నా పనిలో ఏమైనా తప్పు దొర్లిందా?"

"తప్పేంటి?"

"మరి తీసేస్తున్నారు."

"తీసెయ్యడం కాదు ఆయమ్మా" అన్నారు సైన్సు మాస్టారు నవ్వుతూ. "తిమింగలాన్ని చూపించడం."

"ఆ సున్నం చేపనా?"

"మీరు వచ్చి ముట్టుకుని చెప్పండి. అది నిజమని నేను పదేళ్ళుగా పాఠం చెబుతున్నాను. నాకూ డౌటు తీరిపోతుంది."

అందరూ నవ్వారు. ఆయమ్మ నవ్వలేదు. అడక్కుండా ఇచ్చేదాని వెనక ఏదో ఉంటుంది. ఇది ఎవరి ఆలోచనా అని అడిగింది. పెద్ద మేడం ఆటల మేడం వైపు చూశారు. ఆటల మేడం మళ్ళీ పెన్ను మూత పెట్టింది. అయితే అనుకున్నదే నిజం, ఇవాళ లాడ్జి, రేపు ముందు సీటు.

తర్వాత తల్లిదండ్రుల మీటింగు. హాల్లో కుర్చీలు సరిపోక కొందరు గోడకానుకుని నిలబడ్డారు. ఆయమ్మ మంచినీళ్ళ కూజా పట్టుకుని తలుపు దగ్గర నిలబడింది. సైన్సు మాస్టారు రైలు సంగతి, తిండి సంగతి, ఎవరి వెనక ఎవరు నడవాలో ఆ సంగతి చెప్పారు. పిల్లల్ని వెంట పంపిన వాళ్ళకి తప్ప ఇంకెవరికీ అప్పగించరు. ఇంట్లోవాళ్ళు చెప్పకుండా చుట్టాలెవరైనా వచ్చినా లాడ్జిలోకి రానివ్వరు. ఒకావిడ తన కొడుక్కి పరుపు మెత్తగా ఉండాలంది. ఒకాయన సింహాలు బోనుల్లోనే ఉంటాయి కదా అని అడిగాడు. అందరూ నవ్వుతుండగా, చివర నిలబడ్డ ఒక మనిషి చెయ్యెత్తాడు. పనిబట్టల్లోంచి సరాసరి వచ్చినట్టున్నాడు, అరచేతుల గీతల్లో నల్లటి గ్రీజు.

"లాడ్జిలోకి బయటివాళ్ళు రారు కదండీ? మళ్ళీ అడుగుతున్నాను. ఆడమనిషి వచ్చినా?"

"ఎవరినీ రానివ్వం" అన్నారు మాస్టారు.

ఆయమ్మ ఆ చేతులు చూసింది. పెద్ద, మొద్దు చేతులు. రిబ్బను తాడులా బిగించే చేతులు. ఆయన పక్కనే వంకరజడ తలవంచుకుని నిలబడి ఉంది. *ఆడమనిషి వచ్చినా?* ఆయన అన్నది ఆ ఒక్క మాటే. ఆయమ్మ పొద్దుటినుంచీ పేర్చుకున్న అనుమానం పునాది దగ్గర కదిలింది. వెనక మెట్లెక్కి వచ్చేది ఎవడో కాదేమో.

*

మీటింగు అయ్యాక ఆమె ఆ పిల్లని సిక్‌రూమ్‌కి పిలిచి తలుపు దగ్గరగా వేసింది.

"ఎవరొస్తారు లాడ్జికి?"

"ఎవరూ రారు ఆయమ్మా."

"పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగి, ఎవరూ చూడలేదనుకుందట. నీ కాళ్ళు చూశాను నేను. చెప్పు. అమ్మేనా?"

పిల్ల మంచం అంచున కూర్చుండిపోయింది. ఏడవలేదు. రిబ్బను చివర వేలికి చుట్టుకుంటూ, ఎవరో తరుముతున్నట్టు చెప్పింది. అమ్మా నాన్నా గొడవపడ్డారు. పెద్ద గొడవ. అమ్మ రాజధాని వెళ్ళిపోయింది, పెద్దాసుపత్రిలో దుప్పట్లు ఉతికే చోట పని. ఇంట్లో అమ్మ పేరెత్తితే నాన్న అన్నం ముందునుంచి లేచిపోతాడు. పెద్దమ్మ ఫోనులో అమ్మ తనతో రెండుసార్లు మాట్లాడింది. లాడ్జి ఆసుపత్రికి దగ్గరేనట. మధ్యాహ్నం అమ్మకి కాసేపు ఖాళీ ఉంటుందట.

"నిన్ను తీసుకుపోతానందా?"

"లేదు."

"మరి ఎందుకొస్తానంది?"

"జడ వేస్తానంది."

ఆయమ్మ ఆ వంకర పాపిడికేసి చూసి అడిగింది: "ఇప్పుడెవరు వేస్తున్నారు? నాన్నేనా?"

"ఊఁ. రోజూ పొద్దున్నే. ఆయనకి రాదు. అయినా వేస్తాడు."

అదే ఆయమ్మకి ఇబ్బందైంది. తాగి కొట్టే తండ్రైతే పని తేలికయ్యేది. రోజూ పొద్దున్నే గ్రీజు చేతులు కడుక్కుని, రాని జడ అల్లే మనిషిని మోసం చెయ్యాలి. తనని ఇన్నేళ్ళు నమ్మిన బడిని మోసం చెయ్యాలి. చెయ్యకపోతే ఇప్పుడే పెద్ద మేడం గదికి వెళ్ళి ఒక్కమాట చెబితే చాలు, ఈ పిల్ల ప్రయాణమే ఆగిపోతుంది. నిన్నటిదాకా ఐతే ఈపాటికి వెళ్ళేది.

"నంబరు చెప్పు" అంది.

"ఎందుకు?"

"నువ్వు చెప్పింది నమ్మాలా వద్దా అని. నిన్నే కాదు, మీ అమ్మని కూడా నమ్మను నేను."

పిల్ల కంఠతా చెప్పింది. ఆయమ్మ తన బొత్తాల ఫోను తీసి కళ్ళకి దూరంగా పెట్టుకుని ఒక్కొక్క అంకే నొక్కింది. పిల్లని మాట్లాడొద్దని వేలు చూపించింది. అవతల దుప్పట్లు ఉతికే యంత్రాల చప్పుడు, దాని మీదుగా ఒక ఆడగొంతు.

"మీ అమ్మాయి చదివే బడినుంచి. ఆయాని. పిల్ల చెప్పింది. నువ్వు దాని అమ్మవేనని నాకేం నమ్మకం?"

"ఏం చెప్పమంటే అది చెబుతానండీ."

"దాని మోకాలి మీద కాలిన మచ్చ ఎలా వచ్చింది?"

"మోకాలి మీద కాదండీ, మోచేతి మీద. ఇస్త్రీపెట్టె. నేనే చూసుకోలేదు." ఒక్క క్షణం ఆగి, ఆ గొంతు ఒక్కసారిగా పైకి లేచింది. "మోకాలి మీద కూడా ఉందా? ఎప్పుడు కాలింది? ఎలా కాలింది? నాకెవరూ చెప్పలేదే! డాక్టరుకి చూపించారా అండీ? పెద్దదా?"

ఆయమ్మ ఆ ప్రశ్నలో కావాలనే తప్పు పెట్టింది. వేరే ఆడదైతే అవునండీ అని అబద్ధం ఆడేది. ఆ తప్పుకి ఇంత భయం బదులొస్తుందని మాత్రం అనుకోలేదు. పక్కన కూర్చున్న పిల్ల తన మోకాలికేసీ మోచేతికేసీ చూసుకుంది.

"లేదమ్మా, లేదు. మోకాలు బాగానే ఉంది. ఏం కాలేదు. నేనే... పరీక్షగా అడిగాను" అంది ఆయమ్మ. అవతల చాలాసేపు యంత్రాల చప్పుడే వినిపించింది. "మధ్యాహ్నం రా. గుమ్మం దాటించి తీసుకెళ్ళనివ్వను, గుర్తుపెట్టుకో. దువ్వెన తెచ్చుకో. లాడ్జిలో ఉండవు."

ఫోను పెట్టేసి పిల్లవైపు తిరిగింది.

"రెండు మాటలు. తిరిగొచ్చాక మీ నాన్నకి నువ్వే చెప్పాలి. నేను చెప్పను, కానీ పక్కన నిలబడతాను. కోప్పడితే ముందు నన్నే కోప్పడాలి. సరేనా?"

"సరే ఆయమ్మా. చెప్తాను."

"రెండోది. కాళ్ళు ముడుచుకోగానే సరిపోదు. ఎవరైనా చూస్తున్నారని తెలిసి ముడుచుకుంటే చెప్పుల జత సర్దినట్టుంటుంది. గోడవైపు తిరిగి పడుకో. అడిగినదానికి ఆలస్యంగా బదులు చెప్పు. బిస్కెట్టు ఇస్తే తీసుకో, తినకు."

*

ఇక మిగిలింది ఆటల మేడం. లాడ్జిలో ఉండేది తను కాదు, ఆమె. ఆ మార్పు వద్దని, నేనే ఉంటానంటే సరిపోతుంది, తిమింగలం పోతే పోయింది. ఆ మాట చెప్పడానికే ఆయమ్మ మైదానంలోకి వెళ్ళింది. ఆటల మేడం వల విప్పి చుడుతోంది.

"లాడ్జిలో నేనే ఉంటాను మేడం. మీరు తిరిగిరండి. చిన్నవాళ్ళు."

"నేను రాజధాని చూశాను ఆయమ్మా, మా బడినుంచి వెళ్ళి. నేనూ ఒకప్పుడు తొమ్మిదో తరగతే కదా." వల చుట్టడం ఆపింది. "అప్పుడు నాకు ఒకరోజు జ్వరమొచ్చింది. మా బడి ఆయా నాతో లాడ్జిలో ఉండిపోయింది. ఆవిడ కూడా ఏమీ చూసుండదని నాకు మొన్నమొన్నటిదాకా తట్టనే లేదు. అందుకే పెద్ద మేడంని అడిగాను. మీతో చెబితే అనుమానపడతారని భయమేసి చెప్పలేదు."

"అనుమానపడ్డాను" అంది ఆయమ్మ. "సీటు కోసమనుకున్నాను."

"ఏ సీటు?"

ఆమె నిజంగానే అడుగుతోంది. ఆయమ్మ ఆ మొహాన్ని సందుగొందులన్నీ వెతికినట్టు వెతికింది. ఏమీ దొరకలేదు. ఎదుటిమనిషిలో ఏమీ దొరక్కపోవడం ఆమెకు అలవాటు లేదు. కాసేపు వల రెండో కొస పట్టుకుని నిలబడింది.

"వంకరజడకి... తొమ్మిదో తరగతిలో ఆ సన్నటి పిల్లకి, అక్కడ కడుపు నొప్పి వస్తుంది" అంది.

"వస్తుందని ఇప్పుడే ఎలా తెలుసు?"

"నాకు తెలుసు. వచ్చినప్పుడు నమ్మండి. మధ్యాహ్నం ఒకావిడ దువ్వెన పట్టుకుని వస్తుంది. రానివ్వండి. కానీ మీరు గుమ్మంలో కూర్చోండి. గుమ్మం మాత్రం వదలకండి. మిగతాది తిరిగొచ్చాక, పిల్ల వాళ్ళ నాన్నకి చెప్పాక, పెద్ద మేడంకి నేనే చెప్పుకుంటాను."

ఆటల మేడం వల చివర ముడి వేసి, విప్పి, మళ్ళీ వేసింది. ఆ పిల్ల తండ్రి అడిగిన ప్రశ్న ఆమె కూడా వింది.

"గుమ్మం వదలను ఆయమ్మా" అంది చివరికి.

ఆయమ్మ ఆమెను సిక్‌రూమ్‌కి తీసుకెళ్ళి, మేకుకున్న ఎర్ర సంచి తీసి చేతిలో పెట్టింది. నీళ్ళు మూడొంతులే పొయ్యాలని, మిగిలిన గాలి నొక్కి బయటికి పంపాలని, బిరడా ఆఖరి చుట్టు చిన్న గుడ్డతో పట్టుకుని తిప్పాలని చెప్పింది. ఆటల మేడం బిగించింది. ఆయమ్మ తలకిందులు చేసి చూసింది. విప్పి మళ్ళీ బిగించమంది. మూడోసారి తలకిందులు చేసినప్పుడు ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే ఆమె మెచ్చుకోలు.

స్టాఫ్‌రూమ్ మీదుగా వెళుతూ సైన్సు మాస్టారితో ఒక్కమాట వేసింది. "ఆ సన్నటి పిల్లకి ఊరు మారితే కడుపు పడదు. నొప్పంటే తిప్పకండి, పడుకోబెట్టండి. నేను చూశాను." మాస్టారు తలూపి, పటం మడతపెట్టుకున్నారు. ఆమె ఎలా చూసింది, ఎప్పుడు చూసింది అని అడగలేదు. ఆమె ఆ బడిలో చెప్పిన మొదటి అబద్ధం అంత తేలిగ్గా చెల్లిపోయింది.

*

బడి వదిలారు. పిల్లల కేకలు గేటు దాటి వీధిలోకి పోయాయి. ఆయమ్మ బకెట్టు కడిగి బోర్లించింది, మందుల బీరువాకి తాళం వేసింది, చేతిసంచిలో ఉల్లిపాయ ఉందో లేదో చూసుకుంది. అప్పుడు మళ్ళీ వచ్చింది నొప్పి. ఈసారి భుజం దగ్గర ఆగకుండా రొమ్ము మీద బరువుగా కూర్చుంది. నుదుట చెమట పట్టింది.

ఆమె నొప్పిని అనుమానంగా చూసింది. వారం తిరక్కుండా రాజధాని ప్రయాణం. మొదటిసారి చేతిలో ఏ పనీ లేని ప్రయాణం. సరిగ్గా ఇలాంటప్పుడే వస్తాయి దొంగనొప్పులు. ఆ మాట ఎంతమంది పిల్లలకి చెప్పింది తను!

ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ మంచాల మీద ఆమె పడుకోలేదు. చెప్పులు విడిచి, జతగా కిందపెట్టి, పడుకుంది. కాళ్ళు చాపి చూసింది. మోకాళ్ళు ముడుచుకోవాలనిపించలేదు. చక్కగా చాచుకున్నాయి. పైకప్పు శుభ్రంగా ఉంది, చెమ్మ మరక ఒక్కటీ లేదు.

దొంగదే, అనుకుంది.

తాళాలు వేసే మనిషి వచ్చి గుమ్మంలోంచి చూశాడు. కునుకు తీస్తోందనుకుని, మిగతా గదులు ముందు వేసుకొద్దామని వెళ్ళాడు. తిరిగొచ్చి రెండుసార్లు పిలిచాడు. ఇంటి దగ్గర చెల్లెలు అప్పటికే బొత్తాం కుట్టడం పూర్తిచేసి, రెండు పేటల దారాన్ని పళ్ళతో తెంపింది.

*

ప్రయాణం ఆగలేదు. రైలుకి టిక్కెట్లు తీసుకున్నారు, లాడ్జి మాట్లాడుకున్నారు. బయల్దేరే రోజు పొద్దున్న ఆయమ్మ చెల్లెలు స్టేషనుకి వచ్చి, పచ్చటి గుడ్డ తొడుగు ఆటల మేడం చేతిలో పెట్టింది. "అక్క దీన్ని కుట్టమంది" అని మాత్రం అని, రైలు కదిలేదాకా అక్కడే నిలబడింది.

రాజధానిలో మర్నాడు పొద్దున్న ఆ సన్నటి పిల్ల కడుపు నొప్పి అంది. సైన్సు మాస్టారు మంచం దగ్గరికి వచ్చారు. పిల్ల గోడవైపు తిరిగి ముడుచుకుని ఉంది. పక్కన బిస్కెట్టు కొరకకుండా ఉంది. అడిగితే చాలాసేపటికి ఊఁ అంది.

"ఆయమ్మ చెప్పింది, ఈ పిల్లకి ఊరు మారితే పడదని" అన్నారు మాస్టారు. వెనుదిరిగి మిగతా పిల్లల్ని వరసలో నిలబెట్టుకుని వెళ్ళిపోయారు. అనుమానపడటానికి ఆయనకి ఏమీ కనిపించలేదు.

మ్యూజియం నడిమి హాల్లో, పిల్లలు ముందుకు సాగాక, ఆయన ఒక్కరూ వెనక ఉండిపోయారు. ముట్టుకోరాదు అన్న బోర్డు పక్కనుంచి చెయ్యి చాచి, కిందికి వేలాడుతున్న దవడ ఎముకకి అరచెయ్యి ఆనించారు. చల్లగా, గరుగ్గా ఉంది. ఎముకో సున్నమో ఆయనకి తేలలేదు. కాపలామనిషి కేకేసేదాకా అలాగే నిలబడ్డారు.

మధ్యాహ్నం లాడ్జికి ఒకావిడ వచ్చింది. నీళ్ళలో నాని వేళ్ళ కొసలు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి, ఒక చేతిలో దువ్వెన ఉంది. ఆటల మేడం లేచి దారిచ్చి, మళ్ళీ గుమ్మంలో కూర్చుంది, వరండావైపు మొహం పెట్టుకుని. లోపల మంచం కిర్రుమంది. చిక్కుల్లో దువ్వెన ఆగుతూ, ఆగుతూ నడిచిన చప్పుడు వినిపించింది.

"నాన్నకి తెలియకుండా పాపిడి కాస్త వంకరగా తియ్యనా?" తల్లి గొంతు.

"వద్దమ్మా. తిన్నగా వెయ్యి. నేనే చెబుతానని ఆయమ్మకి చెప్పాను."

ఆటల మేడం వెనక్కి చూడలేదు. మంచం పక్కన స్టూలు మీద ఎవరూ కూర్చోలేదు. పొద్దున్న తను వేడినీళ్ళు పోసి పెట్టిన రబ్బరు సంచి ఒక్కటే ఆ స్టూలు మీద ఉంది, పచ్చటి తొడుగులో, బొత్తాం పెట్టుకుని, బిరడా దగ్గర ఒక్క చుక్క తడి లేకుండా.